కోటిపల్లి రేవులో అంబాసిడర్

మా పెద్దమ్మ పోయి ఏడాది దాటింది. ఆ మధ్య ఆవిడ సామాన్లు పంచుకున్నారు. ఇత్తడి గుండిగలు, ఆవకాయ జాడీలు, కాఫీ ఫిల్టరు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకెళ్ళగా, ఎవరూ అడగని మరచెంబు ఒకటి మిగిలింది. అది కొరియర్లో హైదరాబాదులో మా ఇంటికొచ్చింది. మూత తిప్పి తీసేసరికి ఇత్తడి వాసన, చింతపండు వాసన కలిసి గుప్పుమన్నాయి. చింతపండు పెట్టి తోమేవారు కదా, మర సందుల్లో ఇంకా ఉండిపోయినట్టుంది. నిజానికి ఆ చెంబు వంటింట్లో ఉండేదే. నాకు మాత్రం ఆ వాసనకి ఎండకి వేడెక్కిన రెగ్జిన్ సీటూ, పెట్రోలు కంపూ, పక్కన నాయనమ్మ గంధం వాసనా వరసగా గుర్తొచ్చాయి.

మరచెంబు చూడని వాళ్ళ కోసం చెప్తాను. మెడ దగ్గర మర ఉన్న ఇత్తడి చెంబు అది. మూత బిగిస్తే చుక్క కారదు, పట్టుకోడానికి పైన కడియం. మా చెంబు మూత ఎప్పుడో కింద పడి ఒకపక్క సొట్టపోయింది. ముప్పాతిక చుట్టు తిప్పాక ఆపి, వేలితో కాస్త పైకెత్తి, అప్పుడు తిప్పితే గానీ బిగిసేది కాదు. ఆ కిటుకు పెద్దమ్మకీ నాకే తెలుసు. అందుకని కారెక్కితే చెంబు నా కాళ్ళ మధ్యే.

కారు మా పెదనాన్నది. మీగడ రంగు అంబాసిడర్. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీట్లో ముగ్గురు, చంటిపిల్లలుంటే ఇంకొకరు. వెనక ఎంతమంది ఎక్కితే అంతమంది. మా ఇల్లు కాకినాడ జగన్నాథపురంలో. పెదనాన్నకి పోర్టులో పని. ఆ రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని నిలబడితే, బార్జీలు వెళ్ళి సరుకు దింపుకొచ్చేవి. ఆ బార్జీల లెక్కలన్నీ చూసి చూసి ఆదివారం వచ్చేసరికి ఆయనకి ఊళ్ళో కాలు నిలిచేది కాదు. శనివారం రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కుంటూ, "రేపు ఎటు పోదాం?" అనేవారు. మేం ఏదో ఒకటి అనేవాళ్ళం. ఆయన ఎటు వెళ్ళాలో ముందే అనుకుని ఉండేవారు.

తెల్లారగట్ల నాలుగింటికే పెద్దమ్మ పులిహోర పోపు వేసేది. ఇంగువ వాసన కొడితే లేచిపోయేవాళ్ళం, ఎవరూ లేపక్కర్లేదు. పులిహోర అరటాకుల్లో, దద్దోజనం గిన్నెలో, మాగాయ విడిగా చిన్న సీసాలో. డ్రైవరు మావయ్య రేడియేటర్లో నీళ్ళు పోసి, చలికాలమైతే ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పేవాడు. మొదటి తిప్పుకి స్టార్టయితే పెదనాన్న నవ్వేవారు. మూడో తిప్పు దాటితే "నూనె మార్చావా లేదా?" అనేవారు. "ఆయ్, మొన్నే మార్చానండి బాబుగారూ" అనేవాడు మావయ్య. ఆ 'ఆయ్'లో వినయం ఎంతో, విసుగెంతో గోదావరి వాళ్ళకే తెలుస్తుంది.

*

ఊరు దాటేదాకా పెదనాన్న పాఠం చెప్పేవారు. ఈ జగన్నాథపురం ఒకప్పుడు డచ్చి వాళ్ళ వర్తక స్థావరం. అటు 1923లో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి, మౌలానా మహమ్మదాలీ అధ్యక్షుడు. మా తాతయ్య కుర్రాడిగా వెళ్ళి ఆ జనాన్ని చూసొచ్చాడట. ఉప్పుటేరు పక్కన ఎండుచేపల వాసనకి నాయనమ్మ పైట ముక్కుకి అడ్డం పెట్టుకునేది. పెదనాన్న ఆగేవారు కాదు.

తాళ్ళరేవు దారిలో కోరంగి దగ్గర మాత్రం కారు ఆపించేవారు. ఆపితే చూడ్డానికి ఏముందని? బురద, మడచెట్లు, ఆ బురదలో పరిగెత్తే ఎర్రపీతలు. ఆయన మాత్రం చెయ్యి చాచి, "ఇక్కడ ఓడలు కట్టేవారర్రా" అనేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టేశాయి. కాకినాడ రేవుకి దశ తిరిగింది ఆ తరవాతే. మా ముత్తాతగారి తమ్ముడొకాయన ఇక్కణ్ణించే రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిపోయాడనీ, మళ్ళీ రాలేదనీ చెప్పేవారు. మా వీధిలో సగం ఇళ్ళకి రంగం టేకు దూలాలే. ఆ దూలాలు మాత్రం వచ్చాయి, ఆయన రాలేదు అని నాయనమ్మ వెనక సీట్లోంచి అనేది.

ఇప్పుడా మడ అడవిలో చెక్కదారి వేశారు, టికెట్టు పెట్టారు, పడవలో తిప్పుతున్నారు. బాగుంది. అది అభయారణ్యం అయింది 1978లో. మేం వెళ్ళే రోజుల్లో టికెట్టూ లేదు, దారీ లేదు. పీతల్ని తరుముతూ మోకాళ్ళదాకా బురద పూసుకొస్తే, మరచెంబులో నీళ్ళు దానికి వాడొద్దని పెద్దమ్మ కేకలేసేది.

*

యానాం అంటే మాకు వేరే దేశం. ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళది, తరవాత పాండిచ్చేరి కిందకొచ్చింది. కాకినాడకి 30 కిలోమీటర్లు కూడా లేదు, అక్కడి మనుషులు మాట్లాడేదీ మన తెలుగే. అయినా పోలీసు నెత్తిన ఎర్రటోపీ కనిపించగానే వెనక సీట్లో అందరం నిటారుగా కూర్చునేవాళ్ళం. పెట్రోలు అక్కడ చవక కాబట్టి ట్యాంకు నిండా కొట్టించేవారు. పెట్రోలుతోపాటు వార్తాపత్రికలో చుట్టిన ఇంకో వస్తువు కూడా డ్రైవరు సీటు కిందకి చేరేది. అది చేరే టైముకి పెద్దమ్మ ఎప్పుడూ అవతలి కిటికీలోంచి గోదావరిని చూస్తుండేది. తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్టు దగ్గర పెదనాన్నకి టెన్షన్. దాన్ని కప్పిపుచ్చుకోడానికి మమ్మల్ని ఎక్కాలు అప్పజెప్పమనేవారు.

నాయనమ్మకి యానాంలో వేరే పని. ఆవిడ పెళ్ళి అక్కడే జరిగింది. బ్రిటిషు వాళ్ళు 1929లో శారదా చట్టం తెచ్చి, ఆడపిల్లకి 14 నిండకుండా పెళ్ళి చెయ్యకూడదన్నారు. నాయనమ్మకి అప్పటికి పదో పదకొండో. ఫ్రెంచి వాళ్ళ యానాంలో ఆ అడ్డు లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పడవల్లో, బళ్ళలో పెళ్ళికూతుళ్ళని వేసుకుని అక్కడికి పోయేవారు. మా ముత్తాతా అదే చేశాడు. ఒకసారి ఒక పెంకుటింటి ముందు నాయనమ్మ కారు ఆపమంది. "ఈ అరుగు మీదే కూర్చోబెట్టారే నన్ను. ముహూర్తం అర్ధరాత్రి. నిద్రపోయాను. నా పెళ్ళి నేను చూళ్ళేదు" అంది.

మేం పకపకా నవ్వాం. పెద్దమ్మ నవ్వలేదు. నాయనమ్మ కారెక్కి కూర్చుని, "1954లో ఫ్రెంచోళ్ళు వెళ్ళిపోయారు. చేసిన పెళ్ళి మాత్రం ఉండిపోయింది" అని చెంబు ఇమ్మని చెయ్యి చాపింది.

*

ఉత్తరం వైపు వెళ్ళే దారి నాకు అంత ఇష్టం ఉండేది కాదు. పిఠాపురం, అన్నవరం, దర్శనం, క్యూ. అన్నవరం ప్రసాదం మాత్రం వేరే సంగతి. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి, అది కట్టిన విస్తరాకు. ఆకు విప్పాక అడుగున అంటుకున్నది నాకి తినాలి. ఇంట్లో ఎంత నెయ్యి పోసి చేసినా అది రాదు.

ఉప్పాడ రోడ్డు ఉండేది గానీ, ఎక్కడుంటుందో చెప్పడం కష్టం. సముద్రం కోసుకుపోయినప్పుడల్లా దారి లోపలికి జరిగేది. కిందటేడు కారు ఆపి పులిహోర తిన్న చోటు ఈ ఏడు నీళ్ళలో. పెద్దమ్మ చీరలు దుకాణంలో కొనేది కాదు, నేతగాడి ఇంటికే వెళ్ళేది. గుంటమగ్గంలో కాళ్ళు దింపుకుని కూర్చున్న ఆయన, పక్కన ఆయన భార్య. ఇద్దరూ చెరోవైపు నుంచి పువ్వు పువ్వుకీ విడిగా దారం చుట్టి, చేత్తో దూర్చి, దువ్వెనతో కొట్టేవారు. నేను చూస్తున్నంతసేపట్లో ఒక మామిడిపిందె సగం కూడా పూర్తి కాలేదు. పెద్దమ్మ చీర తిరగేసి వెనకవైపు చూసింది. దారప్పోగు ఒక్కటి కూడా వేలాడ్డం లేదు. అయినా బేరం ఆడింది. ఆడకపోతే ఆవిడ పెద్దమ్మే కాదు.

*

అన్నిట్లోకీ నాకు కావలసింది దక్షిణం దారి. ద్రాక్షారామం, కోటిపల్లి, అక్కడ పంటెక్కి గోదావరి దాటి ముక్తేశ్వరం, అక్కణ్ణించి అమలాపురం పక్కన మా అత్తయ్యగారి ఊరు.

ద్రాక్షారామంలో పెదనాన్న దేవుడి కంటే గోడల దగ్గర ఎక్కువసేపు ఉండేవారు. రెండంతస్తుల ఎత్తు లింగం కదా, కింద దణ్ణం పెట్టుకుని మెట్లెక్కి పైన ఇంకోసారి పెట్టుకోవాలి. ఆయన పైదాకా వచ్చేవారు కాదు. కిందనే స్తంభాల మీద శాసనాల అక్షరాలు వేలితో తడుముతూ, "ఇదిగో ఇది 'క'లా లేదూ?" అనేవారు. మాకు ఆకలేస్తుండేది.

కోటిపల్లి వైపు వెళ్తుంటే ఆయన చెప్పే ఇంకో కథ రైలుది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు. యుద్ధం రోజుల్లో, 1940లో, ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. మా చిన్నతనానికి మిగిలింది కట్ట ఒక్కటే. దాని మీద మేకలు మేసేవి. 2004లో మళ్ళీ పట్టాలు వేశారు.

ఇక రేవు. రేవులో ముందు ఇంజను ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో అవతలి ఒడ్డు పంటు చప్పుడు వినపడుతోందా లేదా అని అందరం చెవులు రిక్కించేవాళ్ళం. టకటకటక అని సన్నగా వినిపిస్తే గంటలోపు అవతలికి. వినపడకపోతే పాకహోటల్లో టీ. వేసవిలో ముంజికాయలు, చలికాలంలో తంపటేసిన తేగలు. డ్రైవరు మావయ్య తేగని చీల్చి చందమామ తీసి నాకిచ్చేవాడు, నాకు మాత్రమే. మా అన్నయ్యకి ఇప్పటికీ ఆ కోపం ఉంది.

పంటు అంటే రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి పైన బల్లలు పరిచింది. పక్కన ఇంజను పడవ కట్టి లాగుతుంది. కారు ఎక్కించడం పెద్ద తతంగం. అందరం దిగాలి. ఇసుకలోంచి పంటు మీదకి రెండు మందపు చెక్కలు వేసేవారు. చెక్క వెడల్పు, టైరు వెడల్పు, ఇంచుమించు ఒకటే. లుంగీ ఎగ్గట్టిన మనిషి ఎదురుగా వెనక్కి నడుస్తూ "రానీ రానీ రానీ, కుడి కుడి, ఆప్!" అనేవాడు. మావయ్య తల బయటపెట్టి చూసేవాడు కాదు, ఆ మనిషి కళ్ళలోకి చూస్తూ నడిపేవాడు. ముందు చక్రాలు చెక్క ఎక్కినప్పుడు పంటు మొత్తం ఒక పక్కకి ఒరిగేది. సైకిళ్ళు గలగలా చప్పుడయ్యేవి. పాల క్యాన్ల వాళ్ళు కాళ్ళతో క్యాన్లు అదిమి పట్టేవారు. కారు ఎక్కి నిలబడ్డాక నాలుగు చక్రాల కింద రాళ్ళు. అప్పుడు గానీ పెదనాన్న ఊపిరి వదిలేవారు కాదు. నాయనమ్మ అంతసేపూ దేవుణ్ణి తలుచుకుంటూ కారుకేసి చూసేది కాదు.

నడి గోదాట్లో పెద్దమ్మ మాకు తలా ఒక నాణెం ఇచ్చేది. వేసి దణ్ణం పెట్టుకోవాలి. తరవాత పంటు మనిషిని బతిమాలి మరచెంబు నింపించేది. రేవు నీళ్ళు పనికిరావు, నడి నీళ్ళే కావాలి. ఆయన విసుక్కుంటూనే పడవ అంచుకి వంగి చెంబు ముంచేవాడు. మూత పెట్టే పని నాది.

అవతలి ఒడ్డెక్కితే దేశం మారిపోయేది. కాలవ గట్టు రోడ్డు, ఒకపక్క నీళ్ళు, ఇంకోపక్క కొబ్బరితోట, మధ్యలో ఒక్క కారు పట్టే దారి. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, సాధారణంగా మేమే. లాకుల దగ్గర పెదనాన్న మళ్ళీ కాటన్ దొర కథ. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు కాబట్టి ఈ కాలవలు, ఈ కాలవలుండబట్టి ఈ పచ్చదనం అని. ఆ కథ మాకు కంఠతా వచ్చు. స్నానాల రేవులో సంకల్పం చెప్పే పంతులుగారు కూడా దొరగారి పేరు తలుస్తారంటే చిన్నప్పుడు నమ్మలేదు. తరవాత నా చెవులతో విన్నాను.

ఒకసారి తిరుగు ప్రయాణంలో చివరి పంటు వెళ్ళిపోయింది. అత్తయ్య సున్నుండలు కట్టడం ఆలస్యం చేసిందని పెదనాన్న, మీరు బయల్దేరదీసిందే ఆలస్యమని పెద్దమ్మ. ముక్తేశ్వరం రేవులోనే కారులో పడుకున్నాం. దోమలు. మావయ్య ఎక్కణ్ణించో కొబ్బరి డొక్కలు తెచ్చి కారుకి నాలుగు పక్కలా పొగ వేశాడు. కళ్ళు మండుతుంటే ఏడుస్తూ నవ్వుతూ సున్నుండలన్నీ తినేశాం. తెల్లారి మొదటి పంటుకి అందరి మొహాలూ మసి.

*

రేవు గురించి ఇలా మురిసిపోతూ మాట్లాడితే మా అత్తయ్యకి ఒళ్ళు మండుతుంది. ఆవిడ మాట కూడా చెప్పాలి, లేకపోతే నేను చెప్పేది సగమే అవుతుంది.

అత్తయ్యకి రెండో కాన్పు నొప్పులు రాత్రి పూట మొదలయ్యాయి. మంత్రసాని చెయ్యెత్తేసి కాకినాడ తీసుకుపోమంది. ఆ వేళకి పంటు ఏది? లాంతరు పెట్టుకుని నావలో దాటించారు. వరద తగ్గుతున్న రోజులు, నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇవతలి ఒడ్డు చేరేసరికి ఆసుపత్రిదాకా ఆగే పరిస్థితి లేదు. పాకహోటలావిడ బల్లలు ఎత్తించి, మగాళ్ళని బయటికి తోలి, తన చేతుల మీదుగా పురుడు పోసింది. మా బావని ఇప్పటికీ 'రేవులో పుట్టినోడు' అనే అంటారు. ఇద్దరూ బతికారు కాబట్టి అది కథ అయింది. "అందరూ బతకలేదే. మీరు ఆదివారం పూట వచ్చి తేగలు తినిపోయారు. మేం రోజూ దాటాం" అంటుంది అత్తయ్య.

1996 నవంబరు 6 తుపాను తరవాత నాకది కొంత అర్థమైంది. కోనసీమ నుంచి కబురు లేదు, ఫోన్లు లేవు. వెయ్యి మందికి పైగా పోయారని పేపర్లో. దారి కాస్త తెరిపిన పడగానే పెదనాన్న, నాన్న కారులో బియ్యం, కిరసనాయిలు, కొవ్వొత్తులు వేసుకుని బయల్దేరారు. డిక్కీలో గొడ్డలి. రోడ్డుకి అడ్డం పడ్డ చెట్లు నరుక్కుంటూ రేవు చేరితే, కారు దాటే వీల్లేదు. మావయ్యని కారుకి కాపలా పెట్టి వీళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నావెక్కారు. అత్తయ్యగారి తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయట, ఎవరో దువ్వినట్టు. అత్తయ్య గడపలో నిలబడి మొదట అడిగిన మాట, "కాఫీపొడి తెచ్చావా అన్నయ్యా?"

తేలేదు.

*

యానాం నుంచి ఎదుర్లంకకి వంతెన వచ్చింది ఆ తరవాత కొన్నేళ్ళకి. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు బాలయోగి 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెనకి ఆయన పేరే పెట్టారు. కోనసీమ నుంచి కాకినాడకి బస్సు దిగకుండా రావచ్చు. అత్తయ్య పొద్దున బస్సెక్కి కాకినాడలో కంటి డాక్టరుకి చూపించుకుని, మెయిన్ రోడ్డులో జాకెట్టు గుడ్డలు కొనుక్కుని, మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం గేదెల పాలు తీసే వేళకి ఇంటికెళ్ళిపోయేది. రాత్రి ఉండమంటే ఉండేది కాదు.

పెదనాన్నకి ఇది నచ్చలేదు. వంతెన బావుంది అనేవారు, వంతెన ఎక్కేవారు కాదు. ఆ వేసవిలో నేను ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాను. అత్తయ్య కాకినాడలోనే ఉంది. ఆవిణ్ణి దిగబెట్టి వద్దామని అందరం తయారయ్యాం. కారు ముసలిదైంది, మావయ్యా ముసలివాడయ్యాడు. వీధి గుమ్మంలో గొడవ. యానాం మీంచి పోదామని అత్తయ్య, కోటిపల్లి మీంచి అని పెదనాన్న.

"రెండు గంటల్లో ఇంట్లో ఉండేదాన్ని ఆ రేవులో ఎండబెడతావేంటి అన్నయ్యా? నేను బస్సులో పోతాను" అని సంచీ తీసుకుని నిజంగానే రిక్షా ఎక్కేసింది.

మేం కోటిపల్లి వెళ్ళాం. ద్రాక్షారామంలో ఆగాం, శాసనాలు చూశాం. పంటు తొందరగానే దొరికింది. చెక్కలు, "రానీ రానీ", రాళ్ళు, అన్నీ మామూలే. వేసవి కాబట్టి నీళ్ళు తక్కువ. నడి గోదాట్లోకి వచ్చాక పంటు కింద గరగరమని చప్పుడై ఆగిపోయింది. ఇసుక మేట. పంటు మనుషులు నడుంలోతు నీళ్ళలోకి దిగి తోశారు. కదల్లేదు. ఇంకో ఇంజను పడవ కోసం కేకలేశారు. ఎండ నడినెత్తికొచ్చింది. కారు లోపల కూర్చోలేం, బయట నిలబడలేం. పులిహోర తెచ్చుకోలేదు, మధ్యాహ్నానికి అత్తయ్యగారింట్లో ఉంటాం కదా అని. పెద్దమ్మ చెంబులో నీళ్ళు అందరికీ గుక్కెడు గుక్కెడు పంచింది. పెదనాన్న గొడుగు కింద నిలబడి ధవళేశ్వరం వైపు చూస్తూ, పైన నీళ్ళు వదలటం లేదని తిట్టారు. ఈసారి కాటన్ దొర కథ రాలేదు.

చేరేసరికి మూడున్నర. అత్తయ్య అప్పటికే వంట చేసి, ఓ కునుకు తీసి, లేచి, అరుగు మీద కూర్చుని కొబ్బరీనెలు చీరుతోంది. ఏమీ అనలేదు. మజ్జిగ గ్లాసులు తెచ్చింది. పెదనాన్న రెండు గ్లాసులు గటగటా తాగి మూడోది చాపితే, అప్పుడంది: "రేవు బావుందా అన్నయ్యా?"

సాయంత్రం బయల్దేరాం. గట్టు రోడ్డెక్కాక మావయ్య బండి స్లో చేసి, అలవాటు ప్రకారం ముక్తేశ్వరం వైపు తిప్పబోయాడు.

"యానాం మీంచి పోనీవోయ్" అన్నారు పెదనాన్న.

"ఆయ్" అన్నాడు మావయ్య. ఆ 'ఆయ్'లో వినయం తప్ప ఇంకేమీ లేదు.

కొంతదూరం పోయాక ఆయనే మళ్ళీ, "ఎలాగూ దారిలోనే కదా, పెట్రోలు కొట్టించేద్దాం" అన్నారు. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.